షాలిమార్ షెడ్డుకు మరచెయ్యి వచ్చిన రోజులు

మొన్న మనవరాలి కాలేజీ ప్రదర్శనకు వెళ్తే, బోలెడన్ని కీళ్లతో మెలికలు తిరుగుతున్న కొత్త రోబోల నడుమ, ఒంటిస్తంభం చుట్టూ తిరుగుతూ, పైకీ కిందికీ జారుతూ, ముందుకు చాచి వెనక్కి ముడుచుకునే పాతకాలపు మరచెయ్యి ఒకటి కనబడింది. అరవై దాటిన నా గుండె ఇరవయ్యేళ్ల పిల్లలా గంతులేసింది.

మా నాన్న శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి గార్డెన్ రీచ్ రేవులో బరువులు మోసేవారు. డిప్లొమా చదివిన నేను షాలిమార్ గూడ్సు యార్డుల పక్కనున్న ఒక కార్ఖానాలో ట్రైనీగా చేరాను. మా మేనమామ అప్పటికే అక్కడ, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప దిమ్మలను పట్టకారుతో తీసి ప్రెస్సు కింద పెట్టేవారు. మోచేతుల దాకా కాలిన మచ్చలే. సరిగ్గా ఆ పనికే మరచెయ్యి తెప్పించి, దానికి కదలికలు నేర్పే బాధ్యత నాకప్పగించారు. నా సంబరం ఇంతా అంతా కాదు! మామయ్య మాత్రం తన కూడు నేనే లాక్కుంటున్నానని మాటలు మానేశారు.

తీరా చూస్తే అది దిమ్మను పట్టినట్టే పట్టి జారవిడిచేది. మర్నాటికి కుదరకపోతే తిప్పి పంపేస్తామన్నారు పెద్దలు. దూరాలూ ఎత్తులూ ఎన్నిసార్లు కొలిచినా సరిగ్గానే ఉన్నాయి. నాకిక ఏడుపొక్కటే తక్కువ. అంతవరకూ గోడవార నిలబడి చూస్తున్న మామయ్య దగ్గరికొచ్చారు.

"ఏటే పిల్లా, పట్టీపట్టకముందే ఎత్తీమంటే నిలుస్తాదేటి? పట్టు బిగిసేదాకా ఒక్క గుక్క ఆగనీ."

ఆయన ఎందుకు నోరు విప్పారో, పనిమీది అభిమానమో, నామీది జాలో, నేనెప్పుడూ అడగలేదు. పట్టుకున్నాక ఒక్క క్షణం ఆగేలా మార్చి మీట నొక్కాను. స్తంభం తిరిగింది, చెయ్యి కొలిమి నోట్లోకి చాచుకుంది, పట్టింది, ఆగింది, నిప్పులాంటి దిమ్మను ఎత్తి తెచ్చి ప్రెస్సు నడిమధ్యన పెట్టింది! బెంగాలీ ఫోర్‌మన్ దాదా "పేరేఛే! పేరేఛే!" అని, సాధించేసిందని అరుస్తుంటే షెడ్డంతా ఈలలు, చప్పట్లు.

రిటైరయ్యేదాకా ఆ యంత్రాన్ని మామయ్యే నడిపారు. మళ్లీ చెయ్యి కాలలేదు. ఆయనతోపాటు పట్టకారు పట్టిన ఇద్దరిని మాత్రం వేరే విభాగానికి పంపేశారు, వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

ఇప్పటి యంత్రాలు దేన్నయినా చిటికెలో నేర్చేసుకుంటాయని మనవరాలు గర్వంగా చెప్పింది, నాకూ ముచ్చటేసింది. కానీ అంతంత పెద్ద కార్ఖానాల్లో, ఒక యంత్రం మొదటిసారి గెలిచినప్పుడు, పక్కన నిలబడి ఈల వేసే మనుషులు ఎందరు మిగిలి ఉంటారు?