గిర్ని నడిచే ఇంట్లో కంప్యూటర్

2022 జూలై. జహీరాబాద్ బస్టాండుకు దగ్గర్లో నేను కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. కొత్తవాళ్లు లోపలికొచ్చి "సార్ లేడా?" అని అడగడం, బాగుచేసేది నేనేనని చెబితే కాసేపు తటపటాయించడం నాకు అలవాటైపోయింది. నా దగ్గరికొచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఓఎస్ చెడిపోయి ఉంటుంది. ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రామ్. దాన్ని మళ్లీ ఎక్కించడం నాకు టీ తాగుతూ చేసుకునే పని. అలాంటి పనిలోనే ఒక ఇల్లు నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది.

మంగళవారం పొద్దున ఫోనొచ్చింది.

"మేడం, నా పేరు బసవరాజ్. ఇంట్ల కంప్యూటర్‌కు కొత్త ఓఎస్ ఎక్కిస్తున్న. నడిమిట్ల ఆగిపోతున్నది. నాలుగుసార్లు చేసిన. జర ఇంటికొచ్చి చూస్తరా? నేను తీస్కరాలేను, నాకు కండ్లు కనవడయి."

"మరి ఎక్కిస్తున్నది ఎవరు?"

"నేనే మేడం."

నమ్మబుద్ధి కాలేదు. వెళ్లి చూశాక నమ్మాను. అతనికి ముప్పై ఏళ్లుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాడు. స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రామ్ తెర మీది అక్షరాలను గొంతుతో చదువుతుంటే, విని మీటలు నొక్కుతాడు. ఇన్‌స్టలేషన్ నడుస్తున్నప్పుడు కూడా ఆ గొంతు పని చేసేలా పెట్టుకున్నాడు. ఎంత శాతం అయిందో అది చెబుతుంటే పక్కన కూర్చుని వింటున్నాడు.

ఇంటి ముందుగదిలో పిండి గిర్ని. దాన్ని నడిపేది అతని అక్క శరణమ్మ. నలభై అయిదు దాటిన మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ జొన్నపిండి. అక్కాతమ్ముళ్లిద్దరే ఉంటారు. తమలో తాము కన్నడం మాట్లాడుకుంటారు, నాతో తెలుగు.

"సోమవారం పదకొండు గంటలకు వీనికి పరీక్ష ఉన్నది మేడం," అంది శరణమ్మ. "పాసైతే ఇంట్లనే కూసోని చేసే నౌకరి."

రికార్డు చేసిన మాటలను విని తెలుగులో టైపు చేసే ఉద్యోగం. పరీక్ష రెండు గంటలు, ఆన్‌లైన్‌లో. మధ్యలో కంప్యూటర్ ఆగితే అక్కడితో సరి, రెండో అవకాశం లేదు. కొన్ని నెలలుగా మిషన్ అప్పుడప్పుడూ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోందట. ఓఎస్ పాడైంది, కొత్తది వేసుకొమ్మని బంధువొకాయన చెప్పాడట. ఆ మాట విని ఉన్నదాన్ని తీసేశాడు. కొత్తది ఎక్కడం లేదు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ, గంటల అయిపోతది," అన్నాను.

శరణమ్మ గిర్ని ఆపి టీ పెట్టింది. నా పెన్‌డ్రైవ్ పెట్టి పని మొదలుపెట్టాను. సగం దాటింది. అంతలో ఎవరో జొన్నల సంచీ తెచ్చారు. ఆమె లేచి ముందుగదిలోకి వెళ్లింది. కాసేపటికి తెర నల్లబడి కంప్యూటర్ మళ్లీ మొదలైంది. ఓఎస్ ఎక్కేటప్పుడు ఒకటి రెండుసార్లు అలా జరగడం మామూలే కనక నేను పట్టించుకోలేదు. కానీ ఈసారి ఫైళ్లు దెబ్బతిన్నాయని ఎర్రర్ వచ్చింది. పెన్‌డ్రైవ్ మార్చాను. మళ్లీ అదే. ర్యామ్ మార్చాను. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు తాత్కాలికంగా సంగతులు దాచుకునే చోటు. అది చెడినా ఇలాంటి ఎర్రర్లే వస్తాయి. ఈసారి డెబ్బై శాతం దాకా వెళ్లి ఆగింది.

బసవరాజ్ చేతులు ఒళ్లో పెట్టుకుని తల కొంచెం పక్కకు వంచి కూర్చున్నాడు.

బుధవారం ఆ సీపీయూ డబ్బాను దుకాణానికి తెచ్చుకుని హార్డ్ డిస్క్ కూడా కొత్తది వేశాను. ఓఎస్ ఒక్కసారికే ఎక్కింది. సాయంత్రం దాకా నడిపించాను, ఒక్కసారీ ఆగలేదు. గొప్పగా తీసుకెళ్లి వాళ్లింట్లో పెట్టి వచ్చాను. గురువారం మధ్యాహ్నం ఫోన్.

"మేడం, మల్ల పోయింది. అప్‌డేట్ అయితుండంగ ఆగింది. ఇగ లేస్తలేదు."

శుక్రవారం మూడోసారి ఆ ఇంటికి వెళ్లాను. మార్చడానికి నా సంచిలో ఇంకేమీ లేదు. మదర్‌బోర్డు పోయింది, కొత్త కంప్యూటర్ కొనుక్కోండని చెప్పడమొక్కటే మిగిలింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూసి చెప్పలేకపోయాను. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను.

"తమ్మీ, నేను తెరనే చూస్తున్న. నువ్వైతే వింటున్నవు గద. ఆగిపోయేముందు ఏమన్న వినవడుతదా?"

అతను ముందుగది వైపు చెవి పెట్టాడు. "అక్క ఎక్కడున్నది మేడం?" అని అడిగాడు.

"బయట ఎవరితోనో మాట్లాడుతున్నది."

గొంతు తగ్గించాడు. "ముందుగాల పైన ఫ్యాను సప్పుడు తగ్గుతది. ఎంబడే ఈ యూపీఎస్ల టక్కుమంటది. గప్పుడు మిషన్ ఆగుతది."

"ఎప్పుడైతది గట్ల?"

"అక్క గిర్ని షురూ చేసినప్పుడు. ప్రతిసారి గాదు. రెండు మూడుసార్లల్ల ఒకసారి."

నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. యూపీఎస్ అంటే కరెంటు పోయినా, తగ్గినా లోపలి బ్యాటరీతో కంప్యూటర్‌ను కాసేపు నిలబెట్టే డబ్బా. అది బల్ల కింద కనిపించింది కాబట్టి కరెంటు గురించి నేను ఆలోచించనే లేదు. దాని బ్యాటరీ బతికుందో లేదో చూడలేదు.

"మొదటిరోజే ఎందుకు చెప్పలే తమ్మీ?"

"పక్కాగ తెల్వది మేడం, అనుమానమే. మీరు వేరేదేదో పట్టుకుంటరేమో అనుకున్న. ఇది చెప్తే అక్క గిర్ని బంద్ వెడ్తది. నా కోసమని ఇప్పటికే శాన బంద్ వెట్టుకున్నది."

ఏం బంద్ పెట్టుకుందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కానీ సంగతి తేల్చాలంటే గిర్ని నడవాల్సిందే. శరణమ్మను పిలిచి, ఎర్రర్ తెర దాకే వచ్చి ఆగే ఆ కంప్యూటర్‌ను వేసి, గిర్నిని రెండు మూడుసార్లు వేసి తియ్యమన్నాను. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి గిర్ని మోటారు అందుకోగానే ఫ్యాను మందగించింది, బల్ల కింద టక్కుమంది, తెర నల్లబడింది. రెండురోజులు అదే గదిలో కూర్చుని నేను వినని చప్పుడు అది.

శరణమ్మ గుమ్మంలోకి వచ్చింది. తెరను చూసింది, మా ఇద్దరినీ చూసింది.

"నేను షురూ చేస్తెనే ఆగిందా?"

నేను తలూపాను. ఆమె వెనక్కి వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది. "సోమవారం దాక గిర్ని నడిపియ్య. ఎవలొచ్చినా వాపస్ పంపుత."

"అందుకే చెప్పలే అక్కా!" బసవరాజ్ గొంతు పెంచగా వినడం నాకు అదే మొదటిసారి. ఆ తర్వాత ఇద్దరూ కన్నడంలో వాదులాడుకున్నారు. నాకు సగమే అర్థమైంది. చివరికి ఆమె నావైపు తిరిగి తెలుగులో అంది: "చూడున్రి మేడం. పొద్దస్తమానం పక్కనే ఉంటడు, నా దగ్గర్నే దాస్తడు." కోపంగానే అంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"అక్కా, గిర్నిది తప్పు గాదు, తమ్మిది గాదు," అన్నాను. "మొదటిరోజే యూపీఎస్ చూసేది ఉండె. నేను చూడలే. తప్పు నాది. గిర్ని బంద్ వెట్టే పనే లేదు, రెండూ నడిచేటట్టు చేస్త."

యూపీఎస్ విప్పితే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. కొన్ని నెలల కిందే చచ్చి ఉంటుంది. శనివారం కొత్తది వేసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లాను. గిర్ని ఎక్కువ కరెంటు గుంజుతుంది కాబట్టి మీటరు నుంచి దానికి వేరే వైరు లాగాలని మా ఆలోచన. అతను గిర్ని వెనక బోర్డు విప్పి, చాలాసేపు చూసి నన్ను పిలిచాడు. కంప్యూటర్‌కు వెళ్లే వైరును ఎప్పుడో ఆ బోర్డులోంచే తీసి, అతుకు మీద టేపు చుట్టారు. ఆ టేపు మాడి నల్లగా పెళుసుబారింది. చుట్టూ పిండి పేరుకుపోయి ఉంది.

"అక్కా, ఇంకొన్నొద్దులైతే ఇది అంటుకుంటుండె," అన్నాడు శరణమ్మతో, మాడిన వైరు ముక్కను కత్తిరించి తీస్తూ.

శరణమ్మ ఆ వైరు ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత తమ్ముడి దగ్గరికెళ్లి దాన్ని అతని వేళ్లకు అందించింది. అతను మాడిన చోటును తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "నా కంప్యూటర్ ఖరాబైంది మంచికే అయిందక్కా," అన్నాడు. ఆమె అతని నెత్తిన ఒకటి మొట్టింది. ఆ మొట్టికాయతో ఇంట్లో ముందురోజు నుంచి ఉన్న బిగువంతా పోయింది.

సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్ ఆ అతుకు తీసేసి, గిర్నికీ కంప్యూటర్‌కూ వేరువేరు వైర్లు లాగాడు. ఆదివారం మధ్యాహ్నం చివరిసారి ఓఎస్ ఎక్కించాం. ఎక్కించింది బసవరాజే, నేను చూస్తూ కూర్చున్నాను. గిర్ని ఆపొద్దని అతనే పట్టుబట్టాడు. వీధిలో వాళ్లు సంచులు తెస్తూనే ఉన్నారు, శరణమ్మ పిండి పడుతూనే ఉంది. స్క్రీన్ రీడర్ గొంతు వినిపించనంత మోత. అతను స్పీకరుకు చెవి ఆనించి అరవై, డెబ్బై, తొంభై అని నాకు చెబుతున్నాడు. పూర్తయిందని ఆ గొంతు చెప్పగానే రెండు చేతులూ పైకెత్తాడు. ముందుగదిలోంచి శరణమ్మ "అయిందా?" అని కేక వేసింది. "అయింది, నువ్వు నడిపియ్యి!" అని ఇతను అరిచాడు.

సోమవారం ఒంటిగంట దాటాక ఫోన్ చేశాడు. ఒక్కసారీ ఆగలేదట. పది రోజులకు ఉద్యోగం వచ్చిందని మళ్లీ చేశాడు. ఇప్పటికీ అదే చేస్తున్నాడు.

అన్నేళ్ల అనుభవంతో నేను మార్చగలిగినవన్నీ మార్చాను. అవన్నీ బాగున్నవే. మూడోసారి వెళ్లేదాకా, ఆ మిషన్ పక్కన రోజంతా గడిపే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్ ఆగిపోతోందని వస్తే, మూత విప్పేముందు కుర్చీ చూపిస్తాను. ఆగినప్పుడు ఇంట్లో ఇంకేం జరుగుతోంది, ఎవరేం చేస్తున్నారు, ఏం వినిపించింది అని అడుగుతాను. కొందరు గబగబా చెప్పేస్తారు. కొందరు ఒక మాట చెప్పి ఆగిపోతారు. అలా ఆగినవాళ్ల దగ్గర నేను తొందరపడను. అసలు సంగతి తెలిసి కూడా, ఇంట్లో ఎవరి పని చెడుతుందోనని చెప్పకుండా ఉన్నారేమో అని, ఇంకాసేపు కూర్చుంటాను.