స్టాండ్‌బై మోడెమ్ పరీక్ష

1978 వేసవిలో తంతి తపాలా శాఖలో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా విజయవాడ వేశారు. అప్పగించిన పని, అక్కడికీ సముద్రపు ఒడ్డునున్న మా చిన్న కేంద్రానికీ మధ్య, ఇక్కడ టైపు చేసింది అక్కడ అచ్చయ్యే టెలిప్రింటర్ లైను నడిపించడం. తుపాను హెచ్చరికలు దాని మీదే వెళ్లాలి. టెలిప్రింటర్ సంకేతాన్ని టెలిఫోన్ తీగ మోయగల ధ్వనిగా మార్చి, అవతల మళ్లీ సంకేతంగా చేసే పెట్టెను మోడెమ్ అంటాం. రెండు చోట్లా రెండేసి పెట్టాం: ఒకటి మెయిన్, ఒకటి స్టాండ్‌బై. మెయిన్ ఆగితే రిలే అనే విద్యుత్ మీట తనంతట తనే లైనును రెండోదానికి మార్చాలి.

ఒడ్డు కేంద్రంలో జూనియర్ ఇంజనీరు యేసురత్నం గారు. అంతకు ముందు ఏడాది ఉప్పెనలో ఆయన అక్కా బావా పోయారు. లైను తెగిపోయి వాళ్ల ఊరికి హెచ్చరిక అందలేదు. ఆయన ఆ మాట ఎత్తేవారు కాదు. మాకు వేరేవాళ్లు చెప్పారు.

లైను ప్రారంభానికి ముందు రోజు పరీక్ష స్విచ్ నొక్కాం. స్టాండ్‌బై అందుకుంది. డివిజనల్ ఇంజనీరు గారు తృప్తిపడి నన్ను పరీక్ష నివేదిక మీద సంతకం పెట్టమన్నారు. ఒడ్డు నుంచి సర్వీసు ఫోనులో యేసురత్నం గారు అడ్డుపడ్డారు.

“స్విచ్ నొక్కితే మారిందండీ, బానే ఉంది. తుపానొచ్చి స్విచ్ నొక్కుద్దా అండీ? మెయిన్‌కి కరెంటు తీసేసి చూద్దామండీ.”

“రేపు కలెక్టరు గారొస్తుంటే ఇవాళ కెలుకుదామంటాడేంటయ్యా ఈయన? ఏదన్నా కాలితే?” అన్నారు డివిజనల్ ఇంజనీరు గారు నాతో.

ఆ భయం అర్థం లేనిది కాదు. విడిభాగాలు మద్రాసు నుంచి రావాలి. కానీ సంతకం నాది. చూడనిదాని మీద పెట్టలేనన్నాను. ఆయన “సరే, కానివ్వు” అన్నారు.

యేసురత్నం గారు అక్కడ ఫ్యూజు పీకారు. మా ఎదుట టెలిప్రింటర్ మాట మధ్యలో ఆగిపోయింది. స్టాండ్‌బై అందుకోలేదు.

“రెండూ చచ్చినయ్యండీ” అని ఫోనులో వినిపించింది.

రెండు మోడెమ్‌లకూ రిలేకూ బ్యాటరీ కరెంటు ఒకే ఫ్యూజు గుండా వస్తోంది. డ్రాయింగులోనే అలా ఉంది. పరీక్ష స్విచ్ నొక్కినంత మాత్రాన కరెంటు పోదు కనుక ఆ లోపం బయటపడలేదు.

డివిజనల్ ఇంజనీరు గారే ఫోను చేసి ప్రారంభం వాయిదా వేయించారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. రెండు చోట్లా దేనికి దానికి ఫ్యూజు పెట్టి, వైరింగు విడదీసి, మళ్లీ మెయిన్ ఫ్యూజు పీకించాం. టెలిప్రింటర్ రెండు మూడక్షరాలు తడబడి ముందుకు సాగింది. ఫోనులో యేసురత్నం గారు, “వస్తందండీ” అన్నారు.

ఆ తర్వాత వచ్చిన తుపానులో మెయిన్ ఆగింది. హెచ్చరిక స్టాండ్‌బై మీద వెళ్లింది. జనం వేళకి ఊళ్లు ఖాళీ చేశారు.

రెండు యంత్రాలుండటం వేరు, ఒకటి పోతే రెండోది మిగలడం వేరు. అది తేలాలంటే మొదటిదాన్ని నిజంగానే ఆపి చూడాలి. అదీ ఆపడానికి ఎవరికీ ఇష్టంలేని రోజునే.