కంబళికి అంటుకొచ్చిన సముద్రం

అత్తిముగం పక్క పల్లె మాది. గొర్రెలు కాసే ఇల్లు. నేను హోసూరులో ఒక కంపెనీలో పని చేస్తూ అక్కడే ఉంటాను, ఆదివారాలు ఊరికి పోతాను. నా తమ్ముడు మాత్రం మందనంతా మా జిల్లాలోని పోచంపల్లి సంతకు తోలి అమ్మేసి, ఎవరో కాంట్రాక్టరు మాట పట్టుకుని తూర్పు తీరాన ఒక కరెంటు ఫ్యాక్టరీలో పనికి పోయాడు. గొర్రె కసాయివాడినే నమ్ముతుందంటారు, గొర్రెలు కాసినవాడూ అంతేనని ఆ రోజే వాడి మొహం మీద అన్నాను. నా నోరు అట్లాంటిది. వాడు నవ్వి, కడుపుతో ఉన్న పెళ్లాన్ని అమ్మ దగ్గర వదిలి, చచ్చిపోయిన మా నాయన కంబళి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

వాడి పని ఏమిటో మాకు చాలాకాలం అర్థం కాలేదు. యంత్రాలు చల్లబడటానికి ఆ ఫ్యాక్టరీవాళ్లు సముద్రపు నీళ్లను కాలువలోకి లాగుతారట. నీళ్లతోపాటు జెల్లీచేపలు వస్తాయి. తగిలితే ఒళ్లు మండి దురద పెడుతుంది కాబట్టి తమిళంలో వాటిని సొరి మీను అంటారు. అవి జల్లెడలకు అడ్డంపడితే నీళ్లు ఆగిపోతాయి. వాటిని గంపలకెత్తి అవతల పారబోయడం మావాడి పని. కంబళిని మడిచి భుజాన వేసుకుని, దాని మీద గంప మోసేవాడు.

ఫోన్ చేస్తే సముద్రం కబుర్లే. సముద్రం కూడా ఏరు మాదిరే పారుతుందని వాడు చెప్పేదాకా నాకు తెలియదు. దీపావళి అయ్యాక ఆ తీరం వెంబడి నీళ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి పారతాయి, శివరాత్రి పడే మాసి నెల వచ్చేసరికి తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పారతాయి. ఆ మళ్లిన నీళ్లతోనే సొరి మందలు మందలుగా దిగుతుందట. అవి పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి గానీ పారే నీటికి ఎదురు పోలేవు. రెండు నీళ్లు కలిసే చోట సముద్రం మీద ఒక గీత పడుతుందని, ఆ గీత వెంబడి నురగ, చెత్త, ప్లాస్టిక్ కవర్లు, ఈ సొరి మీనులూ బారులు తీరి ఉంటాయని చెప్పేవాడు. వాటికి ఒక చుట్టం ఉందట. పైన నీలం బుడగ, కింద బారెడు బారెడు నీలం దారాలు. అది నీటికంటే గాలి మాట ఎక్కువ వింటుంది. తూర్పుగాలి గట్టిగా కొడితే తిన్నగా ఒడ్డుకే వస్తుంది. ఒడ్డు దగ్గరికి వచ్చినవాటిని ఫ్యాక్టరీ పంపు లాగేసుకుంటుంది. కాపరి లేని మంద ఇట్లే ఉంటుందక్కా అని నవ్వేవాడు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది. చేతులు బొబ్బలెక్కుతున్నాయని మరదలితో చెప్పి, నాకు మాత్రం చెప్పొద్దన్నాడని తర్వాత తెలిసింది.

ఉగాది పడే పంగుని నెలలో జాతరకని వచ్చాడు. వాడు పోయాక పుట్టిన ఆడబిడ్డకు అప్పటికి బోర్లపడటం, పాకడం వచ్చాయి. ఇక్కడ మా కంబళి సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో అది కప్పుకునే బట్ట మాత్రమే కాదు. పెళ్లిలో జంటను దాని మీదే కూర్చోబెడతారు. పుట్టిన బిడ్డను మొదట దాని మీదే పడుకోబెడతారు. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధమాడరు, దాన్ని సబ్బుతో ఉతకరు, నిప్పులో వెయ్యరు. ఈ పాప పుట్టినప్పుడు కంబళి ఇంట్లో లేదే అన్న కొరత మా అమ్మకు ఉండిపోయింది. అందుకే కొడుకు కాళ్లు కడుక్కునేలోపలే సంచిలోంచి దాన్ని లాగి, దులిపి, పడసాలలో పరిచి, మనవరాలిని తెచ్చి పడుకోబెట్టింది. ముత్తాతల కాలంనాటి మొక్కు తీరినంత సంతోషం ఆమె మొహంలో.

పాప కాసేపు కాళ్లు ఆడించింది. తర్వాత తడిపింది. ఆ వెంటనే అరిచిన అరుపుకు నేను వీధిలోంచి పరుగెత్తుకొచ్చాను. తొడల మీద, వీపు మీద ఎర్రటి చారలు తేలుతున్నాయి. ఎండలు ముదిరే నెల కదా, అమ్మవారు పోసిందని మా అమ్మ తేల్చేసింది. చన్నీళ్లు కుమ్మరించి, వేపాకు పరిచి, బిడ్డను మళ్లీ ఆ కంబళి మీదే పడుకోబెట్టింది. ఆసుపత్రికి పోదామంటే అమ్మవారికి కోపం వస్తుందని గుమ్మానికి అడ్డం నిలబడింది. చూస్తుండగానే పాప రెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి. ఏడుపు సన్నగిల్లి గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. బిడ్డ చచ్చిపోతుందని నాకు భయం పట్టుకుంది. మా అమ్మను ఆ రోజు అనరాని మాటలు అన్నాను, వాటికి నేను ఇప్పటికీ బాధపడటం లేదు.

పాపను ఎత్తుకుని, అడ్డంగా ఉన్న కంబళిని రెండో చేత్తో నెట్టాను. తడి తగిలినచోట అరచెయ్యి భగ్గుమంది, పచ్చిమిరపకాయలు నూరిన చెయ్యి మాదిరి. వంగి చూశాను. నల్ల ఉన్నిలో సన్నటి నీలం పోగులు, ఎండి అంటుకుపోయినవి, తడికి జిగటగా తేలాయి. తలెత్తితే తమ్ముడు తన ముంజేతిని చూసుకుంటున్నాడు. అక్కడ పూసలు గుచ్చినట్టు చుక్కలు చుక్కలుగా నల్లబడిన చారలు. బిడ్డ తొడ మీదా అవే, ఇంకా ఎర్రగా.

"అమ్మవారు కాదక్కా. నేను తెచ్చినాను" అన్నాడు.

గంపలోంచి నీలం దారాలు చేతికి చుట్టుకుంటే వాడు కంబళితో రుద్ది తుడుచుకున్నాడట. తేలు కుట్టినా, దురదగొండాకు తగిలినా మా కాపరులు చేసే పని అదే, గరుకు ఉన్నితో గట్టిగా తుడిచేయడం. ఎండిపోయాయి కదా, చచ్చిపోయాయిలే అనుకున్నాడు. అవి ఎండినా ఊరికే ఉండవు, తడి తగిలితే మళ్లీ కుడతాయి. మంచినీళ్లు పొయ్యకూడదని, ఉప్పునీళ్లతోనే కడగాలని అక్కడివాళ్లు వాడికి చెప్పారట. మేము బిడ్డ మీద కడవలకొద్దీ మంచినీళ్లే కుమ్మరించాం.

ఆటోలో హోసూరు దాకా పాప నా ఒళ్లోనే ఉంది. మరదలు బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది, తీయలేదు. తమ్ముడు డ్రైవరు పక్కన వెనక్కి తిరగకుండా కూర్చున్నాడు. ఆసుపత్రిలో సూది వేసి, ఆక్సిజన్ పెట్టారు. సముద్రపు పురుగని నేను చెబితే, ఈ కొండల్లో సముద్రం యాడిదమ్మా అని నర్సు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. డాక్టరమ్మ మాత్రం తమ్ముడి చెయ్యి పట్టుకుని చూసి ఇంకేమీ అడగలేదు. పొద్దు వాలేసరికి పిల్లికూతలు తగ్గాయి. పాప కళ్లు తెరిచి తల్లి రొమ్ము కోసం వెతుక్కుంటే నాకు దుఃఖం ఆగలేదు, వరండాలోకి పోయి ఏడ్చాను.

కంబళిని కాల్చేయమన్నాను. కాలిస్తే మొగుణ్ణి కాల్చినట్టేనని మా అమ్మ ఒప్పుకోలేదు. మా వాళ్లను మట్టిలోనే పెడతారు. చివరికి ఆమే చేతికి గుడ్డ చుట్టుకుని, కర్రతో ఎత్తి, నాయనను పెట్టిన చోటికి పక్కన గుంత తీసి పూడ్చింది.

పాప తేరుకున్నాక కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. తమ్ముడు సంచి సర్దుకోవడం చూసి నాకు అగ్గి రేగింది. ఇంత జరిగాక కూడానా అని దులిపేశాను. నీళ్లు యాడికి తోస్తే సొరి ఆడికి పోతాదక్కా, దానిదేం తప్పు అని గొణిగాడు.

"దానికి కాళ్లు లేవురా. నీకుండాయి" అన్నాను.

"ఉండాయక్కా. పోయేదానికి చోటు యాడుండాది?"

మంద లేదు, మేపే బీడు ప్లాట్లయిపోయింది, హోసూరు కంపెనీల్లో వాడి వయసువాణ్ణి తీసుకోరు. నోరున్నదాన్నని పేరు పడ్డ నేనే వాడి సంచి గుమ్మం దాకా తెచ్చి ఇచ్చాను, వాడు పోయాడు.

ఇప్పుడు నీళ్లు మళ్లీ వెనక్కి తిరిగి సొరి తగ్గాకనే ఇంటికి వస్తాడు. వేసుకున్న బట్టలు అక్కడే పారేసి కొత్తవి కట్టుకుని వస్తాడు. వాకిట్లోనే స్నానం చేస్తాడు, గోళ్లు రుద్దుకుంటాడు, మళ్లీ చేస్తాడు. ఏమీ కాదు, ఎత్తుకో అని మరదలు కూడా చెప్పింది, నేనూ తిట్టి చూశాను. పాపకు నడక వచ్చింది. వాళ్ల నాయన వస్తే రెండు చేతులూ చాచి పరుగెత్తుతుంది. వాడు వెనక్కి అడుగేస్తాడు. అది ఆట అనుకుని పాప పకపకా నవ్వి ఇంకా జోరుగా వస్తుంది. వాడు గోడ తగిలేదాకా వెనక్కి పోయి, చేతులు రెండూ పైకెత్తి నిలబడతాడు. ఆ పిల్ల వాడి మోకాళ్లు పట్టుకుని ఎత్తుకోమని ఎగురుతూ ఉంటుంది.