మారిషస్ పేరు నేర్చుకొని ఎయిర్‌పోర్ట్‌కు పోతే

నిన్న నా ఇంగ్లీషంత ఎవరి పాలైందో చెప్తే మీకు చాయ్ గొంతుల అడ్డం పడ్తది. జర గ్లాసులు పక్కకు పెట్టుండ్రి.

మొన్న మా ట్రావెల్స్ సేటు పిలిచి, "మల్లేశా, మారిషస్ నుంచి పెద్ద గెస్ట్ వస్తున్నరు. నచ్చినవంటే పదిరోజులు డ్యూటీ నీదే, లేకుంటే వేరేటోనికిస్త" అన్నడు. మా ఊరి పక్కకు ఎయిర్‌పోర్ట్ వచ్చినంక నాగలి ఇడిసి స్టీరింగ్ పట్టినోన్ని నేను. పదిరోజుల డ్యూటీ అంటే మాటలా? ఇంటర్ చదివే నా బిడ్డను కూసోవెట్టుకొని ఆ దీవి పేరు ముచ్చటంత ఇంగ్లీషుల బట్టీ కొట్టిన. అరబ్బులు దీనా అరోబీ అన్నరట. డచ్చోళ్లు వాళ్ల యువరాజు పేరు పెట్టిన్రట. ఫ్రెంచోళ్లొచ్చి ఫ్రాన్స్ దీవి అన్నరట. ఇంగ్లీషోళ్లు మళ్ల పాత పేరే తెచ్చిన్రట. అక్కడి జనం మాత్రం ఇండ్లల్ల 'మొరిస్' అంటరట.

బోర్డు మీద 'ఎస్. అప్పన్న' అని రాసిచ్చిన్రు. ఎండకు ఆ బోర్డే నెత్తి మీద పెట్టుకొని నిలవడ్డ. గప్పుడొచ్చిండు ఒకాయన. పూల అంగి, గడ్డి టోపీ, నల్లద్దాలు. దీవోళ్లు గిట్లనే ఉంటరనుకున్న. మా ఊరు మంఖాల్‌ల ఇంటికొచ్చినోన్ని నువ్వెవరని అడగం, ముందుగాల చేతిల సంచి అందుకుంటం. గట్లనే అందుకున్న. "వెల్‌కమ్ సర్, కార్ రెడీ" అన్న. ఆయన కూడ దర్జాగ ఎక్కి కూసున్నడు.

ఇగ మొదలుపెట్టిన. అరబ్బుల కాడికెల్లి ఇంగ్లీషోళ్ల దాక ఒక్కటి ఇడవలేదు. ఆయన "యెస్, యెస్" అనుకుంట తలూపుతుండు. మస్తు ఖుష్ అయిన. ఇంతల ఆయన ఫోన్ మోగింది.

"ఏంది బామ్మర్ది, ఎయిర్‌పోర్ట్ గేటు కాడున్నవా? నువ్వు పంపిన కార్లనే వస్తున్న గద! కొత్వాల్‌గూడ కాడికొచ్చినం. డ్రైవర్ ఎవరోగని, ఒక్క ముక్క సమజైతలేదు."

మారిషస్ కాదు, ఆయనది కొత్వాల్‌గూడ. గోవా పోయొస్తుండు. ఎయిర్‌పోర్ట్‌కు ఆ పక్కొకరం ఈ పక్కొకరం ఉండేటోళ్లం ఇద్దరం ఇరవై నిమిషాలు ఇంగ్లీషుల మాట్లాడుకున్నం.

ఆయనను ఆడనే దించి వాపస్ ఉరికిన. గేటు కాడ ట్రాలీ పక్కన నేత చీర, నుదుట బొట్టుతోని ఒక పెద్దమ్మ నిలవడ్డది. ఆమెనే అప్పన్న. అది వాళ్లింటి పేరట, తాతల నాడే ఆ దీవికి పోయిన తెలుగోళ్లట. గంట సేపు నిలవెట్టినందుకు సిగ్గుతోని సచ్చిపోయిన. ఇంకొక్క మాట తప్పు పడితే డ్యూటీ పోతదని నోరు కుట్టుకున్న.

కారెక్కంగనే ఆమె సక్కటి తెలుగుల, "మా దీవికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా బాబూ?" అన్నది.

దీనా అరోబీ నాలిక మీదికొచ్చింది. మింగిన. "తెల్వదమ్మా" అన్న. ఇగ ఆమె మొదలుపెట్టింది. బుద్వేల్ దాటేదాక "అట్లనా అమ్మా" అనుకుంట పోయిన.

పొద్దుమీకి సేటు ఫోన్ చేసిండు. "డ్యూటీ నీకే రా. 'పాపం, ఆ డ్రైవర్‌కు ఏమీ తెలియదు, కానీ ఎంత బుద్ధిగా వింటాడో' అన్నది."

ఇగ పదిరోజులు నాకేం తెల్వదు.