దోన్ నిసెఫొరో ఏకైక హామీ

దోన్ నిసెఫొరోతో ఏ మాట మొదలుపెట్టినా చివరికి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆగుతుంది. ధరలు మండిపోతున్నాయి అనండి, "ధరలకి స్పీడ్ బ్రేకర్ వెయ్యాలి" అంటాడు. డాక్టరు రక్తపోటు ఎక్కువుందంటే, "లోపల ఒకటి వేసే వీలుందా డాక్టరుగారూ?" అని అడిగాడు. మేనకోడలి పెళ్ళిలో మైకిచ్చి దీవించమంటే, మొగుడికీ పెళ్ళానికీ కోపం వచ్చేచోట ఒకటి, అత్తగారు వచ్చే దారిలో రెండు ఉండాలని దీవించాడు. ఆ అత్తగారు ఈయనతో ఇప్పటికీ మాట్లాడదు.

ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. గౌరవానికి పేరు ముందు దోన్ అంటాం, ఆడవాళ్ళకైతే దోన్యా. మా ఊరు సాంత రీటాలో మునిసిపల్ ఎన్నికలు ఎప్పుడొచ్చినా మేయరు పదవికి నిలబడతాడు, చిత్తుగా ఓడతాడు. హామీ ఒక్కటే, అదేమిటో మీకు తెలిసిపోయింది. చోటు మాత్రం ఎన్నికకోసారి మారుతుంది. ఈసారి బడి ముందు అన్నాడు. బడి ఎదురుగానే నా పంక్చర్ల కొట్టు ఉండటంతో, టైర్లు పాడైతే లాభం నాకేనని, ఆయన్ని నేనే మేపుతున్నానని పుకారు లేచింది. నిజానికి మేపేది వాళ్ళావిడ దోన్యా అంపారో. "ఈయనే రోడ్డుకి అడ్డంగా పడుకోవచ్చుగా, సిమెంటు ఖర్చుండదు" అంటుందావిడ.

బడి ముందు రోడ్డు మీద చెరకు కోతల కాలంలో లారీలు మిల్లుకి పరుగు పందెం పెట్టుకుంటాయి. కిందటి నెల ఒక లారీలోంచి వేలాడుతున్న చెరకు గడ మా మనవరాలు యురీదియా వీపు మీది సంచీని ఊడలాక్కుపోయింది. సంచీ మిల్లు దగ్గర దొరికింది. పిల్ల మాకు దక్కింది. ఆ రోజు నుంచీ ఎంత పనున్నా వదిలేసి, దాని చెయ్యి పట్టుకుని నేనే రోడ్డు దాటిస్తున్నాను.

రోడ్డు భద్రత గురించి అభ్యర్థులు ఏమనుకుంటున్నారో చెప్పించాలని సంత షెడ్డులో సభ పెట్టారు. సభ ఆలస్యమైంది. ఇద్దరు పెద్ద అభ్యర్థుల ఊరేగింపులు హారన్లు మోగించుకుంటూ ఎదురెదురుగా ఒకే సందులో దూరాయి. వెనక్కి తగ్గితే పార్టీ పరువు పోతుందని రెండూ అక్కడే ఉండిపోయాయి.

చివరికి వాళ్ళలో ఒకడైన ఇంజనీరు ఒరొపేసా ఊరేగింపు వదిలి నడిచొచ్చి మాట్లాడాడు. బడి దగ్గర పిల్లలు దాటడానికి వంతెన కడతాడట. దానికి లిఫ్టు కూడానట.

"కరెంటు పోతే పిల్లలు లిఫ్టులోనే పాఠాలు చదువుకోవాలా?" అని మొక్కజొన్న పిండితో తమాలీలు ఉడికించి అమ్మే దోన్యా ఎవోదియా అడిగింది. "అది సరే, వంతెన దిగేచోట ఏముంటుంది?"

"ప్రజలకి ఉపయోగపడే భోజనశాల."

"ఎవరిది?"

"మా బావమరిదిది. అయితే ఏం? వాడు ప్రజ కాదా?"

తర్వాత రెండో పెద్ద అభ్యర్థి దోన్యా గ్రసియెలా లేచింది. ఆవిడ లెక్కలో తప్పంతా నడిచేవాళ్ళదే. కుడీ ఎడమా చూడటం పిల్లలకి ఆటపాటలతో నేర్పిస్తుందట. దానికోసం చిరుతపులి వేషగాణ్ణి కూడా కుదిర్చిందట.

"ఏడమ్మా పులి?"

"వస్తున్నాడు. ఇందాక రోడ్డు దాటుతుంటే మోటారు సైకిలు తగిలింది. కట్టు కట్టించుకుంటున్నాడు."

"కుడీ ఎడమా చూసుకోలేదా?"

"ఆ పులి తలకాయలోంచి పక్కకి కనపడదండీ!"

ఆఖర్న దోన్ నిసెఫొరో లేచాడు. "స్పీడ్ బ్రేకర్. బడి ముందు" అని కూర్చున్నాడు. షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు చప్పట్లు కొట్టారు. పిల్లల తల్లులైతే లేచి నిలబడ్డారు. మర్నాడు సంతలో ఎవర్ని కదిపినా ఓటు ఆయనకేనన్నారు. నేను ఉత్సాహం పట్టలేక కొట్టు గోడంతా ఆయన బొమ్మలే అంటించాను.

ఇంజనీరుకి చెమటలు పట్టాయి. ఆ మర్నాడు తెల్లారేసరికి బడి గేటుకి ఇవతల స్పీడ్ బ్రేకర్ వెలిసింది, దాని మీద ఆయన పార్టీ రంగు. దోన్యా గ్రసియెలా ఊరుకుంటుందా? గేటుకి అవతల ఇంకోటి పోయించింది, దానికంటే ఎత్తుగా, తన పార్టీ రంగుతో.

సిమెంటు ఆరిందో లేదో, దోన్ నిసెఫొరో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. "అమ్మా, దయచేసి నాకు ఓటెయ్యకండి" అని బతిమాలుతున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నిలదీశాను. "ఏం పెద్దాయనా, మతి పోయిందా? చేతికందిన గెలుపు!"

"మెల్లగా మాట్లాడు ఫౌస్తినో, ఎవరన్నా వింటారు. నేను గెలిచాననుకో. స్పీడ్ బ్రేకర్ వెయ్యాలంటే కమిటీ వెయ్యాలి. కమిటీ వచ్చి రోడ్డు చూడాలి. రోడ్డు ఊరిది కాదు, రాష్ట్రానిదంటారు. రాష్ట్రంవాళ్ళు కొలతలు పంపమంటారు. ఈలోగా మీ యురీదియాకి పెళ్ళీడొస్తుంది. అదే గెలిచేట్టు కనపడ్డాననుకో, తెల్లారేసరికి పనైపోతుంది."

"అంటే, ఆసుపత్రి ముందున్నది..."

"కిందటి ఎన్నికలప్పటిది."

"చూపులేని హెనారో లాటరీ టికెట్లు అమ్మే మూల..."

"అంతకు ముందుది. దానిక్కూడా పార్టీ రంగు వేశారు, వాడు చూసి ఓటేస్తాడని."

"మరి ఊరంతా నిన్ను పిచ్చివాడంటుంటే ఊరుకుంటావేం?"

"అననీ. కాదని తెలిస్తే వచ్చేసారి సిమెంటు ఎవడు పోస్తాడు?"

ఇంజనీరు గెలిచాడు. వంతెన మాట మళ్ళీ ఎత్తలేదు, బావమరిది మాత్రం భోజనశాల తెరిచాడు. ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే దోన్ నిసెఫొరో మొహం ఎర్రగా చేసుకుని నా కొట్టుకొచ్చాడు.

"మన వీధిలో నాకు ఓట్లు పడ్డాయట. నువ్వేశావు కదూ?"

"వేశాను. మా ఇంటిల్లిపాదీ వేశాం. ఏం చేస్తావు?"

"బుద్ధుందా నీకు? నీలాంటివాళ్ళు ఇంకొంతమంది పోగైతే నా కొంప మునిగేది! ముసలితనంలో నన్ను ఆ కుర్చీలో కూలేసి, ఆ కమిటీలకి..."

ఇంతలో మిల్లు వైపు పోయే చెరకు లారీ వచ్చింది. స్పీడ్ బ్రేకర్ చూసి మూలుగుతూ ఆగినంత పని చేసింది. యురీదియా చింతపండు మిఠాయి చప్పరిస్తూ, నన్ను పిలవనైనా పిలవకుండా, డ్రైవరుకి చెయ్యి ఊపి తాపీగా రోడ్డు దాటింది.

దోన్ నిసెఫొరో నోట్లో తిట్టు నోట్లోనే ఆపి, పిల్ల గేటు లోపలికి వెళ్ళేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆపినచోటి నుంచే మళ్ళీ అందుకున్నాడు.