తొమ్మిది తాటాకులు

నా చిన్నప్పుడు, స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, రాజోలు దగ్గర మా ఊరి బడి పాక గాలివానకు ఎగిరిపోయింది. దాని కప్పు మళ్ళీ నేసినవాడు మా తాతయ్య. ఇరవై మూరల నిడివి, ఒకే వాలు, పది వరసలు. ఎన్ని తాటాకులు కావాలని మాస్టారు అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "మూరకో ఆకండి. ఆకు మీద ఆకెక్కితే చివర మూరెడు తరుగుద్దండి, అందుకని ప్రతి వరసకీ గాలివాటు చివర ఇంకోటి ఎక్కువండి," అన్నాడు తాతయ్య. రెండు వందల పది ఆకులు వచ్చాయి. అన్నీ కప్పు మీదకే వెళ్ళాయి. కింద నుంచి అందించినదాన్ని నేనే.

తరువాతి సోమవారం మాస్టారు బీజగణితం మొదలుపెట్టారు. మాటలను అక్షరాలలోకి మార్చడం చూపించడానికి ఆ కప్పునే తీసుకున్నారు. నిడివి మూరలు క, వరసలు ప అనుకుని నల్లబల్ల మీద 'క × ప + 1' అని రాశారు. రెండు వందల ఒకటి తేలింది. తన రాతను అనుమానించవలసిన చోట ఆయన మనిషిని అనుమానించారు. బయట దడి కడుతున్న తాతయ్యను, తనకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాడిని, తరగతి ముందుకు పిలిపించారు.

"ఏరా, మిగతా తొమ్మిదీ మీ పాక మీదకెక్కేయా?"

పిల్లలు నవ్వారు. "ప్రతి వరసకీ అన్నాడండీ!" అని నేను లేచాను.

"కూర్చోవే. దొంగ లెక్కలు ఇంట్లోనే నేర్పేరా?"

తాతయ్య నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. గాలివాటు చివర వరసకు ఒకటి చొప్పున తొమ్మిది వరసల ఆకులు విప్పి, దిగివచ్చి మాస్టారి మేజా మీద పెట్టాడు. "ఆయ్, తమరడిగిన తొమ్మిదీ ఇయ్యేనండి. ఇప్పుడు కప్పు తమ లెక్కకి సరిపోయిందండి."

తలెత్తి చూశాం. ఆ చివర పై నుంచి తొమ్మిది వరసల మేర మూరెడు వెడల్పున ఆకాశం కనిపించింది. అడుగున ఒక్క వరస మాత్రమే నిండుగా ఉంది. ఆయన రాసిన ఒంటరి 1 అదే.

"సరే, కట్టెయ్," అన్నారు మాస్టారు. పొరపాటయిందని అనలేదు. తాతయ్య ఆ తొమ్మిదీ మళ్ళీ కట్టాడు. మధ్యాహ్నం విరామంలో నేను నల్లబల్ల మీద బ్రాకెట్లు పెట్టి '(క + 1) × ప' అని దిద్దాను. మాస్టారు వచ్చి చూసి, మొత్తం తుడిచేశారు.

డెబ్బై ఏళ్ళయినా ఆ తుడుపు మీద నా కోపం తగ్గలేదు. తరువాత కాలువ పనులకు అంచనాలు వేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు గడిపాను. పనివాడి నోటి లెక్కకూ నా కాగితానికీ తేడా వచ్చిన ప్రతిసారీ ముందుగా నా కాగితాన్నే నిలదీశాను.