మిర్యాలగూడ బతుకమ్మకు పట్టిన వెలుగు

పెళ్లయి సూర్యాపేట వచ్చిన కొత్తలో మా ఇంటి ముందుగదే ఫోటో దుకాణం. పగటి వెలుతురు ఉన్నంతసేపు మా ఆయన పనికి తిరుగులేదు. పొద్దుగూకాక ఫోటో తీయాల్సి వస్తేనే ఇద్దరికీ గుండె దడ. పిడి ఉన్న రేకు పళ్లెంలో మెగ్నీషియం పొడి పోసి, పైకెత్తి మీట నొక్కితే భగ్గున మండేది. ఆ రెప్పపాటు వెలుగులోనే ఫోటో పడాలి. కెమెరా ఆయనది, పళ్లెం నాది.

ఒకసారి కోదాడలో పెళ్లికి పిలిచారు. మాపటేళ పందిట్లో గ్యాసు దీపాల గుడ్డివెలుతురులో ఆడపిల్లలు కోలాటం వేశారు. ఆయన కెమెరా స్టాండు భుజాన వేసుకుని వాళ్ల చుట్టూ ఉరికారు. వెనకే నేను. ఒక ఫోటో దగ్గర నుంచి, ఇంకొకటి దూరం నుంచి. పొడి కూడా చేతికి వచ్చినంత పోశాను.

ఫోటోలు కడిగి పట్టుకెళితే పెళ్లికూతురి మేనత్త వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం బాబూ, దగ్గరున్నోళ్లకి సున్నం కొట్టారు, దూరంగా ఉన్నోళ్లకి మసి పూశారు! ఇందులో మా పిల్లలేరండీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వబోయి ఆగిపోయారు. తిరుగు బస్సులో చివ్వెంల దాటాక నన్నే అడిగారు.

"తప్పు పొడిదంటవా, నాదంటవా?"

"మన ఉరుకుడుది," అన్నాను. "వాళ్లు ఎట్లయినా గుండ్రంగ తిరిగొస్తరు గదా. మనమెందుకు తిరగాలె? ఒక్కకాడ నిలబడితే అందరూ మన ముందుకే వస్తరు."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంటికెళ్లి అన్నం కూడా తినకుండా దండెం తాడు విప్పుకొచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్లు సాయంత్రమైతే మా పెరడే పందిరి. నేల మీద చిన్న ముగ్గు వేసి నేను దాని మీద నిలబడేదాన్ని. తాడుతో కొలిచి ఆయన పళ్లెం జరిపేవారు. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, పావు వంతే మిగులుతుందని అప్పుడు తెలిసింది. పొడికి ఒకే చెంచా పెట్టుకున్నాం. నిండా తీసి, కత్తి వీపుతో పైన చదును చేసి పోయడం. డబ్బాకు చెమ్మ తగలకుండా పొయ్యికి దూరంగా అటక మీద పెట్టడం. గాలి వెనక నుంచి వచ్చేలా నిలబడటం, లేకపోతే మొదటి ఫోటో పొగ రెండో ఫోటోను మింగేసేది. మా ఇరుగుపొరుగు పొగకు దగ్గుతూ తిట్టేవారు. మాకు మాత్రం అది కొత్త కాపురంలో ఆటలా ఉండేది.

బతుకమ్మ పండగకు మిర్యాలగూడ నుంచి మా ఆడబిడ్డ కబురు పెట్టింది. రజాకార్ల రోజుల్లో మాపటేళ గడప దాటని ఆడవాళ్లు మళ్లీ బయటికొచ్చి ఆడుతున్నారు, వచ్చి ఫోటోలు తీయమంది. పొద్దు వాలే వేళకు పూల చుట్టూ ఆడవాళ్లు చేరారు. వాళ్లు తిరిగే దారిలో ఒకచోట ముగ్గు వేసి, తాడుతో కొలిచినంత దూరంలో మేం నిలబడ్డాం.

మొదటిసారి మీట నొక్కగానే భగ్గుమన్న చప్పుడుకు పాట తెగిపోయింది. పిల్లలు ఏడ్చారు. ఒక నడివయసు ఆమె చెవులు మూసుకుని నేల మీద కూలబడింది. తుపాకీ అనుకుందట. ఆ చెడ్డ రోజుల్లో ఆమె జొన్నచేలో దాక్కుని బతికిన మనిషని ఆడబిడ్డ నా చెవిలో చెప్పింది.

పళ్లెం కింద పెట్టి ఆమె దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. చెంచాలో పొడి తెచ్చి చూపించాను.

"గిదేనా, బిడ్డా? గింత బూడిదేనా?" అంది ఆమె.

"గింతే అక్కా. పొయ్యిల మంట లెక్కనే. భయపెడితిని, ఏమనుకోకు."

ఆమె ఆ పొడిని వేలితో తాకి చూసింది. "సెప్పకుంట ముట్టియ్యకు బిడ్డా. సెప్పి ముట్టియ్యి. గప్పుడు నేను ఓర్సుకుంట."

పాట మళ్లీ మొదలైంది. పొగ తేలిపోయాక, ముగ్గు మీదికి ఆడవాళ్లు వస్తుండగా "ముట్టిస్తున్నా!" అని గట్టిగా కేకేసి మీట నొక్కాను. ఈసారి ఎవరూ ఆగలేదు. రెండు మూడు చుట్లకల్లా నా కేకకు వాళ్లే జవాబుగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. చివరికి ఆమే ముందుగా "ముట్టియ్యి!" అని అరిచి ముగ్గులో కాలు పెట్టింది.

సూర్యాపేటలో ఆ ఫోటోలు నీళ్లలో తేలుతుంటే ఇద్దరం వంగి చూశాం. సున్నం లేదు, మసి లేదు. ముగ్గు దాటిన ప్రతి మొహానికీ ఒకటే వెలుగు. ఆయన తడిచేత్తోనే నా చేయి పట్టుకున్నారు.

మిర్యాలగూడలో వాటిని పంచినప్పుడు ఆమె తన ఫోటో పట్టుకుని వాకిలి వాకిలికీ తిరిగింది.

"సూడుండ్రి, కండ్లు మూసుకోలే," అని అందరికీ చెప్పింది.